బొట్టు ఎవరు పెట్టిన్రు?

మా మేనత్త పోయిన సంగతి చుట్టాల కంటే ముందు ఫ్యాక్టరీలోని కుట్టు లైనుకు తెలిసింది. పొద్దున గుండెల్లో నొప్పి అనగానే ఆమెను ఆటో ఎక్కించిన పక్కింటివాళ్లు మొదటి ఫోన్ నాకు చేయలేదు, స్వరూపకు చేశారు. అలా చేయమని మా అత్తే చెప్పిపెట్టిందట. స్వరూప ఆమె దగ్గర పని నేర్చుకున్న మనిషి, ఇప్పుడు అదే లైనుకు సూపర్‌వైజర్. నేను దవాఖానకు చేరేసరికి వరండా బెంచీల నిండా కంపెనీ కోట్లు వేసుకున్న ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. స్వరూప లేచి వచ్చింది. "ఇంక ఉరుకుడు అవసరం లేదన్నా. అత్త పోయింది" అంది.

మధ్యాహ్నానికి శివనగర్‌లోని ఇంటికి తెచ్చాం. కాసేపటికి ఒక పెద్ద పూలదండ వచ్చింది. తెల్ల చామంతులు, వాటికి అడ్డంగా రిబ్బను, రిబ్బను మీద పంపినాయన పేరు. ఆయన మా అత్త పాత మేనేజర్. డ్రైవర్ ఆ దండ పట్టుకుని లోపలికి వస్తుంటే స్వరూప ఎదురెళ్లింది.

"ఎవరు పంపిన్రు తమ్మీ?"

"పెద్ద సార్."

"గోడకు ఆనిచ్చి పెట్టు. ఆమె మీద వెయ్యకు."

"వేసి ఫొటో పంపుమన్నడక్కా."

"గోడ ఫొటో తీసి పంపు."

చావు ఇంట్లో ఎవరో నవ్వారు. నవ్వినందుకు ఎవరూ తప్పుపట్టలేదు. మా అత్త బతికి ఉంటే ఆ దండ గేటు కూడా దాటేది కాదు. ఎందుకు దాటేది కాదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. మేనేజర్ పేరు రాయను. మా అత్త కూడా ఆయనను పేరుతో ఎన్నడూ అనలేదు. "బొట్టు సార్" అనేది.

మా మామ డోర్నకల్ దగ్గర రైలు పట్టాల మీద గ్యాంగ్‌మన్‌గా చేశాడు. వాళ్లకు పిల్లలు లేరు. ఆయన పోయాక అత్త వరంగల్ వచ్చి, మా ఇంటికి దగ్గర్లోనే గది తీసుకుని జాకెట్లు కుట్టింది. ఊరి బయట దుప్పట్ల ఫ్యాక్టరీ పెట్టినప్పుడు మొదట చేరినవాళ్లలో ఆమె ఒకరు. పెద్ద హోటళ్లకు పోయే తెల్ల దుప్పట్లు అక్కడ తయారవుతాయి. బట్ట మిషన్ నుంచి మిషన్‌కు పోతుంటుంది. ఒకరు అంచు మడుస్తారు, ఒకరు కుడతారు, ఒకరు మూలలు చూస్తారు, ఒకరు లేబుల్ వేస్తారు. ఆ వరుసనే లైను అంటారు. కొన్నేళ్లకు మా అత్త ఆ లైనుకు సూపర్‌వైజర్ అయింది.

ప్రతి మిషన్ పక్కన ఒక ఎర్ర బటన్ ఉంటుంది. తప్పు కనపడితే ఎవరైనా నొక్కవచ్చు. నొక్కితే ఎర్రలైటు వెలిగి లైను మొత్తం ఆగుతుంది, తప్పు దిద్దాకే కదులుతుంది. దీన్ని కంపెనీవాళ్లు లీన్ పద్ధతి అన్నారు. బయటి నుంచి వచ్చిన ట్రైనర్ తెర మీద బొమ్మలు చూపిస్తూ రోజంతా వివరించాడు. మా అత్తకు అంతసేపు పట్టలేదు.

"మీ మామ చేసిన పనే ఇది, అల్లుడా. గ్యాంగ్‌మన్ చేతుల ఎర్రజెండ ఉంటది. లోపట ఎంత పెద్ద ఆఫీసర్ కూసున్నా బండి ఆగాలె. ఆగినంక జెండ సూపినోన్ని తిట్టిన్రనుకో, రేపు పట్ట ఇరిగినా వాడు జెండ తియ్యడు."

బటన్లు పెట్టారు గానీ లైనులో ఎవరూ నొక్కలేదు. ఒకరు నొక్కారంటే వాళ్లకు ముందు కూర్చున్న మనిషి కుట్టులో తప్పుందని అర్థం. ఆ ముందు మనిషి ఎవరు? ధర్మసాగర్ అవతలి ఊళ్ల నుంచి ఒకే బస్సులో వచ్చే వదిన, మరదలు, తోడికోడలు. పొద్దున వదిన పని మీద ఎర్రలైటు వెలిగిస్తే, సాయంత్రం అదే వదిన పక్కన కూర్చుని ఇంటికి పోవాలి. అందుకని తప్పు కనపడితే బట్టను ఒళ్లోకి లాక్కుని, చప్పుడు లేకుండా కుట్టు విప్పి మళ్లీ కుట్టేవాళ్లు. పని వెనకబడేది. ట్రైనర్ దీన్ని అవగాహన లోపం అని రాసుకుని వెళ్లిపోయాడు.

మా అత్త ఒక్కటే మార్చింది. లైటు వెలిగితే "ఎవరు చేసిన్రు?" అని అడగడం మానేసింది. వచ్చి "ఏమైంది?" అనేది. మనిషి ముఖం చూడకుండా బట్టను చేతిలోకి తీసుకుని బట్టతోనే మాట్లాడేది.

"మొదటిసారి నేను మా తోడికోడలి కుట్టు మీదనే నొక్కిన," అని స్వరూప చెప్పింది. "నా పాణం పోయింది. అత్త వచ్చి గుడ్డను తిట్టవట్టింది. 'ఏందే, నీకేమైందే, మంచిగ పోతాన్నదానివి ఈడికొచ్చి గట్ల ఒంకర పోయినవ్? ఎవలన్న సైగ జేసిన్రా?' అంటాంది. మా తోడికోడలే ముందుగాల నవ్వింది. నవ్వినంక ఇంక కొట్లాటేంది?"

"ఎవరు అని అడిగితే అబద్ధమొస్తది. ఏమైంది అని అడిగితే నిజమొస్తది." ఇది అత్త మాట. ఈ మాట లైనుకు ఎంత పనికొచ్చిందో నా విలేకరి ఉద్యోగానికీ అంతే పనికొచ్చింది. ప్రమాదం జరిగిన చోట పోలీసులు ఎవరు, ఎవరు అని అడుగుతుంటే నేను పక్కన నిలబడి ఏమైందని అడిగేవాణ్ణి. నాకే ఎక్కువ తెలిసేది. ఒకసారి ఆ సంగతి ఆమెతో అన్నాను. "మరి జీతం పెరిగిందా?" అని అడిగి టీ పెట్టడానికి లేచింది.

ఆ తర్వాత లైను చివర కెమెరా పెట్టారు. బట్ట దాని కింద నుంచి పోతుంటే మచ్చ, చిల్లు, తప్పిన కుట్టు ఉంటే అదే పట్టుకుని ఎర్రలైటు వెలిగిస్తుంది. ఆడవాళ్లకు అది నచ్చలేదు. మన మీద కన్నేసి పెట్టారన్నారు, ఇంక మనల్ని ఇంటికి పంపుతారన్నారు. మా అత్త కెమెరాకు వ్యతిరేకం కాదు. పైగా దాన్ని లైనులో కలిపింది ఆమే. "కొత్త కోడలు వచ్చింది. కోడలొస్తే అత్తల్ని ఎల్లగొడ్తరా? దానికేం తెల్వదు. మనం నేర్పాలె" అంది.

నిజంగానే దానికి నేర్పాలి. ఏది తప్పో ముందు చూపిస్తేనే అది గుర్తుపడుతుంది. పాడైన దుప్పట్లను వెతికి తెచ్చి ఆడవాళ్లు వంతులవారీగా దాని కింద పరిచారు. కెమెరా కంపెనీ ఇంజనీరు ఒక్కో తప్పుకు పేరు అడిగితే వాళ్లు తమ పేర్లే చెప్పారు. చిన్న నల్లచుక్క ఈగమచ్చ. దగ్గర దగ్గరగా ముద్దకట్టిన కుట్టు చీమలబారు. ఇంజనీరు తెలుగువాడు, అవే పేర్లు ఎక్కించాడు. మర్నాడు లైటు వెలిగి తెర మీద 'చీమలబారు' అని పడగానే షెడ్డంతా ఈలలు వేసిందని స్వరూప చెప్పింది. ఆ రోజు నుంచి కెమెరా వాళ్లది. మనుషులూ మిషన్లూ కలిసి పనిచేయడం గురించి నేను చాలా సభలకు వెళ్లి రాశాను. అది నిజంగా జరిగిందని ఆ ఒక్క షెడ్డు గురించే విన్నాను.

ఇక్కడ మా అత్త కోపం గురించి చెప్పాలి. ఆమె శాంతమూర్తి కాదు. పక్కింటామె మిక్సీ జారు అడిగి తీసుకుని, మూత పగలగొట్టి, ఏమీ జరగనట్టు తిరిగి ఇచ్చింది. అత్త ఒక్క మాట అనలేదు. కానీ బతుకమ్మ ఆడేటప్పుడు ఆమె తన పక్కకు వస్తే అటువైపు జరిగిపోయేది. ఆమె ఎటు వస్తే అత్త దానికి రెండో వైపు. ఏళ్ల తరబడి ఇదే వరస. చివరికి ఒక పండుగ నాడు ఆ మనిషి వలయం మధ్యలోనే ఆగిపోయి, "నేనే పలగ్గొట్టిన తల్లీ, మూత నేనే పలగ్గొట్టిన!" అని అరిచింది. అత్త వెంటనే ఆమె చెయ్యి పట్టి పక్కకు లాక్కుంది. ఆట అయిపోయాక, రొట్టెలో బెల్లం కలిపి చేసిన మలీద మొదటి ముద్ద ఆమె నోట్లోనే పెట్టింది. కొత్త మూత అడగలేదు. "మూత ఎవలిక్కావాలె? నోరు తెరువాలె" అంది నాతో.

కెమెరా కుదురుకున్నాక కొత్త మేనేజర్ వచ్చాడు. వస్తూనే షెడ్డు గోడ మీద 'మనిషి, యంత్రం ఒకే జట్టు' అని పెద్దక్షరాలతో రాయించాడు. లైను ఎప్పుడు ఆగినా హెడ్డాఫీసులో టీవీ మీద కనపడే ఏర్పాటు చేయించాడు. ఆగడం తగ్గితే ఆయనకు మంచి పేరు. ఇది ఆరోపణ కాదు, ఆయనే మీటింగుల్లో గర్వంగా చెప్పేవాడు.

ఆ ఏడు ఆయుధపూజకు మిషన్లన్నీ కడిగి పూలు కట్టారు. కెమెరాకు మొదటి బొట్టు పెట్టే గౌరవం మేనేజర్‌ది. ఫొటోగ్రాఫర్ సిద్ధంగా ఉన్నాడు. తడి పసుపు గిన్నె పట్టుకుని ఆయన కెమెరా ముందు నిలబడితే మా అత్త చెప్పింది:

"సార్, అద్దానికొద్దు. స్టాండుకు పెట్టున్రి."

"బొట్టు నుదుటికి పెడతారు గానీ కాలికి పెడతారా అమ్మా?"

అందరూ నవ్వారు. ఆయన పసుపు రాసి, మీద కుంకుమ అద్ది, బొటనవేలితో గట్టిగా నొక్కాడు. చప్పట్లు కొట్టారు. ఆ ఫొటో నోటీసు బోర్డులో చాలా రోజులు ఉంది.

పొరపాటు ఎవరైనా చేస్తారు. దాని మీద మా అత్తకు కోపం లేదు. కోపం ఆ తర్వాత జరిగినదాని మీద.

పండుగ సెలవులు అయ్యాక అద్దాన్ని గుడ్డతో తుడిచారు. కుంకుమ పోయింది, పసుపు మిగిలింది. కెమెరాకు ప్రతి దుప్పటి మీదా పచ్చటి మచ్చ కనపడసాగింది. ప్రతిదానికీ ఎర్రలైటు. అద్దం విప్పి శుభ్రం చేయాల్సింది కెమెరా కంపెనీ మనిషి, అతను ఇంకా ఊరి నుంచి రాలేదు. అతను వచ్చేదాకా కెమెరా ఆపి చేత్తో చూసుకుంటాం అని మా అత్త అడిగింది. కెమెరా ఆపితే ఆ సంగతీ హెడ్డాఫీసు టీవీలో కనపడుతుంది. మేనేజర్ మెకానిక్‌ను పిలిచి, మచ్చలు పట్టే సెట్టింగ్ తగ్గించమన్నాడు. తగ్గించాక కెమెరాకు పసుపురంగు మచ్చ అనేది కనపడడమే మానేసింది. అన్నింటికీ ఆకుపచ్చ లైటే.

ఆ వారమే ఒక కుట్టుమిషన్ నుంచి నూనె కారింది. దుప్పట్ల మీద పసుపురంగు చుక్కలు. వాటిని చూడడానికి పెద్ద నేర్పు అక్కర్లేదు, తెల్ల బట్ట మీద ఎవరికైనా కనపడతాయి. కెమెరాకే కనపడలేదు. మా అత్త బటన్ నొక్కింది. మేనేజర్ ఆఫీసు గదిలోంచి వచ్చాడు.

"ఎందుకాపారు?"

"మచ్చలొస్తాన్నయ్ సార్. సూడున్రి."

"కెమెరా ఓకే అంటోంది కదా."

"కెమెరాకు పచ్చకామెర్లయినయ్ సార్."

ఆయన నవ్వలేదు. "మీ కళ్లు ఎక్కువా, మిషన్ ఎక్కువా?"

"రెండు కలువాలెనని మీరే గోడ మీద రాయించిన్రు."

లైను నడిపించారు. ఆమె మళ్లీ నొక్కింది. మళ్లీ నడిపించారు. సాయంత్రానికి బటన్ల వైర్లు విప్పించారు. ఇక కెమెరా ఎర్రలైటు వెలిగిస్తేనే లైను ఆగుతుంది, కెమెరా వెలిగించదు. సరుకు పోయింది. పోయినట్టే హోటళ్ల నుంచి తిరిగి వచ్చింది, మచ్చల ఫొటోలతో సహా.

ఫ్యాక్టరీలో రోజూ పొద్దున లైను మొత్తం నిలబడి మీటింగ్ పెట్టుకుంటుంది. ఆ మీటింగ్‌లో మేనేజర్ కాగితం తీసి చదివాడు. "కారణం: సూపర్‌వైజర్ నిర్లక్ష్యం." పక్కన మెకానిక్ నేల చూస్తూ నిలబడ్డాడు. ఆడవాళ్లకు అంతా తెలుసు, ఎవరూ నోరు విప్పలేదు. మా అత్తను అక్కడికక్కడే లైను నుంచి తీసి ప్యాకింగ్‌కు పంపారు. లైను వాళ్ల మీద ఆమె ఎన్నడూ నిష్ఠూరమాడలేదు. "వాళ్లు రేపు మళ్ల బస్సెక్కాలె కద" అంది.

నేను తర్వాత ఆ లైను వాళ్లను విడివిడిగా అడిగాను. ఒకరు చెప్పింది ఇంకొకరికి చెప్పలేదు. అందరి మాటా ఒకటే అయింది. పత్రికలో రాస్తానన్నాను. అత్త ఒప్పుకోలేదు.

"పేపర్ల రాస్తే పేపర్ సదివేటోళ్లకు తెలుస్తది. ఆయన నన్ను లైను ముందట అన్నడు. లైను ముందటనే 'ఆమె తప్పు లేదు' అనాలె. గంతే. నాకు ఉద్యోగం వాపస్ వద్దు, దండం వద్దు."

"అనకపోతే?"

"నాకేమన్న తొందరున్నదా?"

ఉద్యోగం మానేయమని చుట్టాలందరూ అన్నారు. పోతే ఒప్పుకున్నట్టేనని రిటైరయ్యేదాకా ప్యాకింగ్‌లోనే ఉంది. ప్యాకింగ్ బల్ల మేనేజర్ గది ఎదురుగానే. ఆయన తలుపు తీసినప్పుడల్లా ఆమె లేచి నిలబడి నమస్తే పెట్టేది. కొన్నాళ్లకు ఆయన గదికి వెనక నుంచి ఇంకో తలుపు పెట్టించుకున్నాడు.

దసరా సాయంత్రం మన దగ్గర జమ్మి ఆకు చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ తీసుకుంటాం. ఏడాది పొడుగునా పెంచుకున్న పగలు ఆ ఆకుతో తీరిపోవాలి. మా అత్త దాన్ని కూడా తన పనికి వాడుకుంది. ఏటా జమ్మి పట్టుకుని హన్మకొండలో ఆయన ఇంటికి పోయేది. ఒక ఏడు నేనే బండి మీద తీసుకెళ్లాను. గేటు దగ్గర ఆయన, భార్య, చుట్టాలు కొత్తబట్టల్లో ఉన్నారు.

"ఓ, రండమ్మా, లోపలికి రండి!"

"వస్త సార్. ఒక్క ముచ్చట అడిగి వస్త. బొట్టు ఎవరు పెట్టిన్రు?"

"ఇంకా అదేనా అమ్మా? పండుగ పూట!"

"పండుగ పూటనే పెట్టిన్రు కద సార్."

"ఏం బొట్టండీ?" అని భార్య అడిగింది.

"ఏం లేదు, ఫ్యాక్టరీ జోకు."

"జోకైతే చెప్పున్రి సార్, అమ్మ కూడ నవ్వుతది."

అత్త జమ్మి ఆకును పిడికిట్లో మూసుకుని, అందరికీ దండం పెట్టి, "మళ్లేడు వస్త" అని వెనుదిరిగింది. వచ్చే దారిలో మిర్చిబజ్జీల బండి దగ్గర ఆపమంది. అంత ఇష్టంగా తినడం నేను ఎప్పుడూ చూడలేదు. "ఇంట్ల ఒక్కొక్కరు ఇప్పుడు అడుగుతాంటరు సూడు, ఏం బొట్టు, ఏం బొట్టు అని" అంటూ ఇంకో ప్లేటు చెప్పింది.

మరుసటేడు ఆయన పండుగకు ఊళ్లో లేకుండా పోయాడు. అత్త ప్రశ్నను వాచ్‌మన్‌కు అప్పజెప్పి వచ్చింది. ఆ వాచ్‌మన్ నమ్మకస్తుడు. సార్ తిరిగి రాగానే, ఆయన మామగారి ముందే, "ఒక అమ్మ వచ్చిపోయింది సార్, బొట్టు ఎవరు పెట్టిన్రో చెప్పాల్నట" అన్నాడట.

నాకు ఒక సందేహం ఉండేది, అడిగాను. "ఎవరు అని అడగొద్దని లైనుకంతా నేర్పినవ్. ఆయన్నేమో ఏటా పోయి ఎవరు, ఎవరు అని అడుగుతున్నవ్."

"తప్పు చేసినోన్ని ఏమైందని అడగాలె. తన తప్పు తెచ్చి ఇంకొకల మీద ఏసినోన్ని ఎవరు అనే అడగాలె. రెండిటికి ఒకటే మందు పనిచెయ్యది."

అలా అని ఆమె చివరి ఏళ్లు పగతోనే గడిచాయని అనుకోవద్దు. పెళ్లిళ్లకు పోతే స్టేజీ గుడ్డ అంచు తిప్పి చూసి, "లూజు కుట్టు, పిల్ల కూసునేదాక ఆగితే సాలు" అని నవ్వేది. మా ఇంట్లో ఏ దుప్పటీ ఆమె చెయ్యి పడకుండా పరుచుకోలేదు. ఎవరి ఇంట్లో గొడవైనా వచ్చి "ఏమైంది?" అని కూర్చునేది. లైను ఆడవాళ్లు ఆదివారాలు వచ్చి పోయేవాళ్లు. స్వరూప సూపర్‌వైజర్ అయ్యాక మొదట బటన్ల వైర్లు మళ్లీ కలిపించి, ఆ సంగతి చెప్పడానికి తిన్నగా అత్త దగ్గరికి వచ్చింది. ఆ రోజు అత్త కోడికూర వండింది. కానీ నిద్ర పట్టనప్పుడు ఏం ఆలోచిస్తావని నేను ఒకసారి అడిగితే, "ఆ పొద్దుటి మీటింగే యాదికొస్తది" అని మాత్రం చెప్పింది.

ఆమె పోయిన కొద్ది రోజులకు నేను మేనేజర్‌కు ఫోన్ చేశాను. ఆయన ఇప్పుడు ఇంకా పెద్ద పదవిలో ఉన్నాడు. ఏం జరిగిందో రాయబోతున్నానని, ఆయన మాట కూడా రాస్తానని చెప్పాను. "పోయినవాళ్ల గురించి మంచే రాయాలండీ. ఆమె మా కుటుంబ సభ్యురాలు. పెద్దకర్మకు నేనే స్వయంగా వస్తాను" అన్నాడు.

"రండి. లైను మొత్తం వస్తుంది" అన్నాను.

వచ్చాడు. వీధిలో టెంటు కింద ఫొటోకు పూలు పెట్టి, ఆమె తనకు తల్లిలాంటిదని, ఏ తప్పూ ఆమె కంటిని తప్పించుకునేది కాదని నాలుగు మాటలు చెప్పాడు. తర్వాత భోజనాలకు పంక్తి మధ్యలో కూర్చోబెట్టాం. ఎదుటి వరుసలో లైను ఆడవాళ్లు, చివర మెకానిక్. మోదుగాకు ఇస్తర్ల మీద నీళ్లు చల్లారు. స్వరూప అన్నం బేసిన్‌తో వచ్చింది, వెనక ఒకామె కూరతో, ఆ వెనక నేను పప్పు బకెట్‌తో. ఎదుటి వరుసకు ముందే వడ్డించి, ఈ వరుసలో ఆయన దాకా వచ్చి స్వరూప ఆగింది.

"సార్, లైనంత ఈడ్నే ఉన్నది. ఒక్క మాట చెప్పున్రి, అన్నం పెడ్త. బొట్టు ఎవరు పెట్టిన్రు?"

"స్వరూపా, ఇది సందర్భమేనా?"

"ఇదే సార్. అత్త ఇంక మీ ఇంటికి రాదు కద."

తింటున్న చేతులు ఆగాయి. ఎదుటి వరుస చివర మెకానిక్ లేచి నిలబడ్డాడు. చేతికి అన్నం అంటుకునే ఉంది.

"సార్ పెట్టిండు. సెట్టింగ్ తగ్గించింది నేను. తగ్గించుమన్నది సార్. అత్త ఆపుమన్నది, మేం ఆపలే. ఆమె తప్పు లేదు." లైను వైపు తిరిగి ఆ చివరి మాట మళ్లీ చెప్పాడు. "అత్త తప్పు లేదు."

స్వరూప బేసిన్ పట్టుకుని అతని దాకా నడిచింది. ఇస్తరి మీద ఇంకో గంటెడు అన్నం పెట్టి, "కూసో తమ్మీ, తిను" అంది. అతను కూర్చున్నాడు. ఎదుటి వరుసలో ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

స్వరూప తిరిగి వచ్చింది. "మరి మీరు, సార్?"

ఆయన ఇస్తరి వైపు చూశాడు. ఆమె పక్క మనిషికి వడ్డించింది. కూర కూడా పక్కకు పోయింది. నా వంతు వచ్చింది. నేనూ ఆగలేదు.

"పెద్దకర్మ నాడు మనిషిని ఉపాసం లేపుతార్రా?" అని మా పెద్దనాయన వెనక నుంచి గొణిగాడు.

"లేపుతలేం నాయినా," అంది స్వరూప. "మాట కోసం ఆగినం."

పంక్తిలో అందరూ తినడం కాకముందే లేవకూడదు. ఆయనకు ఆ పద్ధతి తెలుసు, లేవలేదు. ఆడవాళ్లు ఆ రోజు నిదానంగా తిన్నారు. మళ్లీ అన్నం అడిగారు, మళ్లీ పప్పు అడిగారు, పెరుగు రెండోసారి వేయించుకున్నారు. పచ్చడి బాగుందన్నారు. నేను ఆయన ముందు నుంచి ఎన్నిసార్లు పోయానో అన్నిసార్లూ ఆయన తల ఎత్తాడు. నేను పప్పు బకెట్‌తో ముందుకే పోయాను.

చివరి మనిషి చెయ్యి కడుక్కోవడానికి లేచాక ఆయన ఖాళీ ఇస్తరిని మడిచి, అందరిలాగే తీసుకెళ్లి ఎంగిలాకుల కుప్ప మీద వేశాడు. పప్పూ పెరుగూ కారుతున్న ఆకుల మీద అది ఒక్కటే శుభ్రంగా ఉంది, చల్లిన నీళ్లు కూడా ఆరిపోలేదు. ఆయన కారెక్కాడు. ఇంతలో వీధి మేక ఒకటి వచ్చి, ఆ శుభ్రమైన ఆకునే లాక్కుని రోడ్డు మధ్యకు పోయింది. డ్రైవర్ హారన్ కొట్టాడు. మేక కదల్లేదు. ఎవరూ దాన్ని అదిలించలేదు. అది కారు ముందు నిలబడి, ఆకును కొనాకొనా తుంచుకుంటూ నములుతూనే ఉంది.